ఏడు ఆక్షేపణలు కావలెను

“కోట్ల ఏళ్ళుగా ఏ పనీ పాటా లేకుండా కూర్చున్న గువ్వల గుట్టకు మా ప్రభుత్వం ఉద్యోగం ఇస్తోంది” అని మంత్రిగారు చిక్కబళ్ళాపురలో ప్రకటించారు. గుట్ట కంకర అవుతుందనీ, కంకర రోడ్డు అవుతుందనీ, ఆ రోడ్డు మీద జనం బెంగళూరికి వెళతారనీ, ఒక రాయి బతుక్కి ఇంతకంటే సార్థకత ఉండబోదనీ వివరించారు. అయితే ఇది ప్రజల ప్రభుత్వం కాబట్టి ప్రజల అభిప్రాయం అడగకుండా ఒక్క గులకరాయిని కూడా కదిలించేది లేదన్నారు. ప్రజాభిప్రాయ సభ పదమూడో తేదీన, క్రషర్‌కు భూమిపూజ పదిహేనో తేదీన జరుగుతాయని చెప్పి కూర్చున్నారు.

వేదిక మీద, వెనక వరసలో, కుర్చీ దొరక్క నిలబడి అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టినవాడు పురుషోత్తం. పార్టీకి తాలూకా ఉపాధ్యక్షుడు. తాలూకాలో ఉపాధ్యక్షులు పద్నాలుగు మంది ఉన్నారు గానీ చప్పట్లు ఏ మాట దగ్గర మొదలుపెట్టాలో తెలిసినవాడు అతనొక్కడే. సొంతూరు గువ్వలగుట్టపల్లి. సాదలికి అవతల, సరిగ్గా ఆ గుట్ట కింద. అరవై నాలుగు ఇళ్ళు. ఇంటింటికీ ఒక మల్బరీ తోట, తోట పక్కన పట్టుపురుగుల షెడ్డు. గుట్టకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇల్లు పురుషోత్తందే. చప్పట్లు కొట్టేటప్పుడు ఈ సంగతి అతనికి గుర్తు రాలేదని కాదు. వచ్చింది. అప్పటికే చేతులు కదులుతున్నాయి.

సభ అయ్యాక మంత్రిగారు అతన్ని తాము దిగిన ప్రభుత్వ అతిథిగృహానికి, ప్రవాసి మందిరానికి, పిలిపించుకున్నారు. అక్కడ కంపెనీ తరపున బెంగళూరు నుంచి వచ్చిన నేత్ర అనే కన్సల్టెంటమ్మ లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుని ఉంది. సమస్య ఏమిటో ఆమె చెప్పింది. పోయిన ఏడాది వేరే జిల్లాలో ఇలాంటి సభే జరిగింది. మూడు వందల పన్నెండు మంది వచ్చారు. మూడు వందల పన్నెండు మందీ గని వస్తున్నందుకు ఆనందం వెలిబుచ్చారు, అదీ ఒకే చేతిరాతలో. ఎవరో కోర్టుకు పోయారు. ఒక్కరికైనా అభ్యంతరం లేని గని ఈ భూమ్మీద ఉంటుందా, ఇది ప్రజాభిప్రాయమేనా అని కోర్టు అడిగి మొత్తం ఫైలు కొట్టేసింది. అందుచేత ఈసారి ఆక్షేపణలు ఉండి తీరాలి. తన రిపోర్టులో దుమ్ము, నీళ్ళు, చప్పుడు వగైరా ఏడు విషయాల మీద ఏడు జవాబులు అచ్చయి సిద్ధంగా ఉన్నాయని నేత్ర చెప్పింది. ఇక కావలసింది ప్రశ్నలే.

“నీ ఊరే కదప్పా, ఏడు మందిని చూడు” అన్నారు మంత్రిగారు. “గట్టిగా ఎదిరించాల. కానీ మర్యాదగా. జవాబు విన్నాక తృప్తి పడాల.”

ఏదో ఒక ప్రభుత్వ నిగమంలో, అంటే కార్పొరేషన్‌లో, సభ్యత్వం ఖాళీగా ఉందని కూడా, ఎవరితోనో అంటున్నట్టు, గోడకేసి చూస్తూ అన్నారు. సభ్యుడికి కారు ఉంటుంది. పురుషోత్తం ఆ గోడకు నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

ఎదిరించేవాళ్ళను ఎక్కడ వెతకాలా అని అతను దారంతా దిగులుపడ్డాడు. పద్నాలుగేళ్ళ పార్టీ జీవితంలో ఒప్పుకునేవాళ్ళను పోగేయడమే అతనికి అలవాటు. లారీలో ఎక్కించి, టోపీ పెట్టి, చిత్రాన్నం పొట్లం ఇచ్చి, ఒప్పించి దింపేవాడు. ఈ పని కొత్త. కానీ ఊళ్ళో అడుగుపెట్టేసరికి దిగులు తీరిపోయింది. గని వద్దనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాలడెయిరీ దగ్గర అడిగితే, క్యాన్లు కింద పెట్టి అందరూ చేతులెత్తారు. పాలు కొలిచే అతను కూడా కొలత ఆపి ఎత్తాడు. ఇంత ప్రతిభ ఊళ్ళో ఉన్నట్టు పురుషోత్తానికి ఇన్నాళ్ళూ తెలియదు.

అప్పుడతను ఎంపిక మొదలుపెట్టాడు. గొంతు మరీ లేచేవాళ్ళను పక్కనబెట్టాడు. మొదటి ఆక్షేపణ, అంటే దుమ్ము, గంగప్పకు ఇచ్చాడు. గంగప్పకు ఆయాసం ఉంది, రెండు వాక్యాల కంటే ఎక్కువ మాట్లాడలేడు. అందరికంటే బాగా ఆక్షేపించినది అక్కయమ్మ. అరవై ఏళ్ళ మనిషి, పురుషోత్తానికి చిన్నమ్మ వరస. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో ఆమె సరుకు వచ్చిందంటే దారం తీసే రీలింగు వాళ్ళు లేచి దగ్గరికి వస్తారు. దుమ్ము ఆకు మీద పడితే పురుగు ముట్టదనీ, పేలుడుకు అదిరితే గూడు కట్టే పురుగు సగంలో ఆపేస్తుందనీ, సగం గూడు ఎవరూ కొనరనీ, ఈ లెక్క చేసేదానికి బెంగళూరు నుంచి ఎవరూ రానక్కరలేదనీ ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఇంత బాగా ఉన్న ఆక్షేపణకు నేత్ర దగ్గర జవాబు లేదు కాబట్టి, పురుషోత్తం ఆమెను వెయిటింగ్ లిస్టులో పెట్టాడు.

సభకు రెండు రోజుల ముందు డెయిరీ గదిలో రిహార్సలు పెట్టాడు. ఏడుగురికీ చీటీలు పంచాడు. పైన ఆక్షేపణ, కింద తృప్తి. నేత్ర జవాబులు తనే చదివాడు. సభ జరిపే అధికారి వేషానికి ఆంజనేయప్పను కూర్చోబెట్టాడు. ఆంజనేయప్ప ముప్ఫై ఏళ్ళు పంచాయతీలో నీళ్ళు వదిలే పని చేసి రిటైరైనవాడు. ఊళ్ళో చేతికి గడియారం పెట్టుకుని టైము చూసుకునే అలవాటు ఆయనకే ఉంది. ఆయన ఈ పనిని చాలా శ్రద్ధగా తీసుకున్నాడు. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఏడు ఆక్షేపణలూ, ఏడు జవాబులూ కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత గడియారం చూసుకుని లేచాడు.

“అందరి మాటా విన్నాను. గని రద్దు. పొండి.”

జనం నిజంగానే లేచి పోబోయారు. పురుషోత్తం తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

“అట్ల అనకూడదప్పా. అధికారి రద్దు చేయడు.”

“మరి ఏం చేస్తాడు?”

“రాసుకుంటాడు.”

“రాసుకొని?”

“పైకి పంపిస్తాడు.”

“పైన రద్దు చేస్తారా?”

“చేయరు.”

“అట్లయితే ఈళ్ళ చేత అడిగించేది ఎందుకప్పా?”

ఆంజనేయప్ప వెక్కిరించడానికి అడగలేదు. వాల్వు తిప్పితే నీళ్ళు రావాలి, లేకుంటే వాల్వు ఎందుకు అనే మనిషి ఆయన. సర్ది చెప్పే తొందరలో పురుషోత్తం చెప్పకూడనిది చెప్పాడు. వేరే జిల్లా సంగతి, మూడు వందల పన్నెండు మంది ఆనందం, కోర్టు, కొట్టేసిన ఫైలు, అన్నీ వరసగా చెప్పాడు. ఆక్షేపణ లేకపోతే సభ సభ కాదని, అందుకే మీరింత ముఖ్యమని, ఊరి గౌరవం మీ నోట్లోనే ఉందని ముగించాడు.

వెనక గోడకు ఆనుకుని ఆకు కోసుకొచ్చిన మోపుతో కూర్చున్న అక్కయమ్మ అడిగింది.

“అంటే, ఎవురూ వద్దనకపోతే వాళ్ళకు పని కాదా?”

“కాదు చిన్నమ్మా.”

“వద్దంటేనే అయితాది.”

“అంతే.”

“అట్లనా” అని ఆమె మోపు నెత్తిన పెట్టుకుని, పురుగులకు మేత టైమయిందని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె మేత వేయడం ముగించి ఇంటింటికీ తిరిగింది. పురుషోత్తం ఇంటికి మాత్రం పోలేదు.

పదమూడో తేదీన బడి మైదానంలో షామియానా వేశారు. అధికారిగారు మూడు గంటలే ఆలస్యంగా వచ్చారు. వీడియో తీసేవాళ్ళు వచ్చారు, పోలీసులు వచ్చారు, నేత్ర ఏడు జవాబులతో వచ్చింది. ప్రజలు నిర్భయంగా మాట్లాడాలని అధికారిగారు కోరారు. పురుషోత్తం జాబితా చూసి మొదటి పేరు చదివాడు.

గంగప్ప లేచాడు. చీటీ జేబులోంచి తీయలేదు.

“నాకేం ఆక్షేపణ లేదు సార్. దుమ్ము లేక మా ఊరు మరీ బోసిగా ఉండాది.”

కూర్చున్నాడు. నేత్ర మొదటి జవాబు పేజీ తెరిచి, మళ్ళీ మూసింది. పురుషోత్తం నవ్వుతూ రెండో పేరు చదివాడు. రెండో మనిషి, బోరుబావులు ఎండిపోతే కరెంటు బిల్లు తగ్గుతుందని సంతోషం తెలిపాడు. మూడో మనిషి, గనికి చోటు చాలకపోతే తమ తోట కూడా చూడమని విన్నవించుకున్నాడు. ఏడో పేరు అయ్యేసరికి పురుషోత్తం చొక్కా వీపుకు అంటుకుపోయింది. అధికారిగారు జాబితా పక్కనబెట్టి, ఎవరైనా రావచ్చన్నారు. వరస కట్టారు. అక్కయమ్మ వచ్చింది.

“మా పురుగులను లేపేదానికి అలారం లేదు సార్. మీరు పేలిస్తే బాగుంటాది.”

“అమ్మా, కొంచెం ఆలోచించండి” అన్నారు అధికారిగారు. “ఇళ్ళకు పగుళ్ళు రావచ్చు.”

“రానీ సార్. గాలాడతాది.”

అధికారిగారు వీడియో ఆపించారు. కుర్చీలోంచి లేచి జనంలోకి వచ్చారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎలా గూడు కడుతుందో చెప్పారు. భూమిలో నీళ్ళు ఎట్లా దిగిపోతాయో చెయ్యి కిందికి దించి చూపించారు. బడి గోడ గుట్టకు ఎంత దూరమో అడుగులు వేసి కొలిచారు. ఆయన సర్వీసులో ఎన్నో గనుల సభలు జరిపారు గానీ, గని వల్ల కలిగే నష్టాలను ఇంత విపులంగా, ఇంత హృదయపూర్వకంగా చెప్పడం అదే మొదటిసారి. జనం జాలిగా విన్నారు. ప్రభుత్వం ఏం చేసినా మన మంచికే చేస్తుంది సార్, మీరు భయపడొద్దండి, అని ఆంజనేయప్ప ఆయనకు ధైర్యం చెప్పి మంచినీళ్ళు ఇచ్చాడు.

భోజనానికి సభ ఆపారు. చిత్రాన్నం పొట్లాలు ఇచ్చారు. పొట్లం ఇచ్చినందుకు కూడా జనం ఆనందం వెలిబుచ్చారు. పురుషోత్తం ఫోను మోగింది. ఇంతవరకూ జరిగినదంతా మంత్రిగారికి చేరిపోయింది. ఆయన కోప్పడలేదు. ఏడు లేకపోయినా ఒక్కటైనా చాలని నేత్ర చెబుతోంది కాబట్టి, నువ్వూ ఆ ఊరివాడివే కాబట్టి, ఆ ఒక్కటీ నువ్వే చెప్పమన్నారు. చెప్పి, జవాబు విని, తృప్తి పడమన్నారు. నిగమం మాట ఈసారి గోడతో కాకుండా అతనితోనే అన్నారు.

సభా, వీడియో మళ్ళీ మొదలయ్యాక పురుషోత్తం మైకు ముందుకు వచ్చాడు. ఊరంతా అతన్నే చూసింది. ముందు వరసలో అక్కయమ్మ చూసిన చూపుకు అతను మైకు వెనక్కి జరిగాడు. భోజనాల దగ్గర గంగప్ప జేబులోంచి తీసుకున్న చీటీ అతని చేతిలో ఉంది. చదవడం మొదలుపెట్టాడు. “అయ్యా, గని వల్ల దుమ్ము వచ్చే అవకాశం ఉన్నదని కొందరు అనుకుంటున్నారు...” అంతవరకే చీటీ. కింద తృప్తి. ఒక్క వాక్యం మరీ తక్కువగా ఉంటుందేమోనని, సభకు నిండుదనం కోసం, అతను ఇంకో మాట కలిపాడు.

“రెండేళ్ళ కిందట మా ఊరి రోడ్డు వేసినప్పుడు దుమ్ము లేచింది సార్.”

ఆ రోడ్డుకు రిబ్బను కోసినప్పుడు పక్కన నిలబడింది అతనే. కత్తెర మంత్రిగారి చేతిలో, పళ్ళెం ఇతని చేతిలో. ఆ సంగతి అందరికీ తెలుసు. తర్వాతి సంగతి ఎవరికీ తెలియదు.

“మా షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం దాటి, నాలుగోసారి పొర ఇడిసి మేస్తాండాయి సార్. ఇంకో వారం పోతే గూడు కట్టేవి. ఆకంతా తెల్లగా దుమ్ము. పురుగు మూతి పెట్టి, తల పక్కకు తిప్పేసేది. మా ఇంటిది మంజుశ్రీ ఒక్కొక్క ఆకే తొట్టిలో కడిగింది. తడి ఆకు తింటే జబ్బు చేస్తాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. వేరే ఆకు యాడుండాది? నాలుగు రోజుల్లో అన్నీ నల్లబడి మెత్తగా అయిపోయినాయి. షెడ్డెనక గుంత తీసి పూడ్చినాము.”

ఎప్పుడు చెప్పావు, ఎవరికి చెప్పావు అని అధికారిగారు అడగలేదు గానీ పురుషోత్తం ఆ ప్రశ్నకే జవాబు చెప్పాడు.

“ఎవురికీ చెప్పలేదు సార్. మా పార్టీ రోడ్డు కదా. వేరే ఊర్లో గూళ్ళు కొనుక్కొచ్చి, మా పంటే అని మార్కెట్టులో పోసినాను.”

అక్కడ అతని గొంతు పట్టుకుంది. చేతి వెనకతో ముఖం తుడుచుకున్నాడు. ఒక్క మైలు రోడ్డుకే అంతయితే గుట్టంతా పిండి కొడితే ఎట్లా బతకాలి సార్, అన్నాడు. తాను నిజంగానే అడుగుతున్నాడని అతనికే అప్పుడు తెలిసింది.

నేత్ర లేచి మొదటి జవాబు చదివింది. దుమ్ము లేవకుండా రోజుకు మూడు పూటలా నీళ్ళు చల్లబడును. అధికారిగారు తెరిపిన పడి, తృప్తేనా అని అడిగారు. పురుషోత్తం చీటీని రెండు మడతలు పెట్టాడు. రెండోసారి అడిగారు. మూడోసారి అడిగినప్పుడు అతను అక్కయమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుని కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

“లేదు సార్” అన్నాడు.

ఆంజనేయప్ప, అలవాటులో పడి, గడియారం చూసుకుని లేచి “రద్దు. పొండి” అన్నాడు. ఊరంతా లేచి వెళ్ళిపోయింది.

ఆ మూడు నిమిషాల వీడియో సాయంత్రానికి శిడ్లఘట్ట దాటింది, మర్నాటికి పేపరెక్కింది. సొంత మంత్రి గనిని ఎదిరించిన అధికార పార్టీ నేత అని పెద్ద అక్షరాల్లో వేశారు. పురుషోత్తం తన పార్టీ కండువా ఉతికి, మడిచి, అడిగితే ఇచ్చేయడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు. మంత్రిగారి నుంచి పిలుపు వచ్చింది. కండువా సంచీలో పెట్టుకుని వెళ్ళాడు. మంత్రిగారు వీడియో చూస్తున్నారు. నాలుగోసారట.

“ఏడుపు ఎట్ల వచ్చిందప్పా నీకు, సరిగ్గా ఆడ?”

“వచ్చేసింది సార్.”

“బాగుండాది” అన్నారు మంత్రిగారు, చాలాసేపు ఆలోచించి.

అదే రోజు ఆయన విలేకరులను పిలిచి, పురుషోత్తాన్ని సభకు పంపింది తానేనని, తన పార్టీలో కార్యకర్తకు కూడా మంత్రిని ఎదిరించే స్వేచ్ఛ ఉందని, గువ్వల గుట్టను ముట్టబోమని, గుట్ట ఎంతకాలం కావాలంటే అంతకాలం ఖాళీగా కూర్చోవచ్చని ప్రకటించారు. కంపెనీ తన దరఖాస్తు వెనక్కి తీసుకుంది. పదిహేనో తేదీన భూమిపూజకు తెచ్చిన పూలు ఊళ్ళోకి వచ్చాయి. పురుషోత్తానికి డెయిరీ దగ్గర దండ వేశారు. అక్కయమ్మ తన షెడ్డులో పండిన గూళ్ళు దోసెడు తెచ్చి మంజుశ్రీ ఒళ్ళో పోసి, కాసేపు కూర్చుని పోయింది. జనం తనకోసం చప్పట్లు కొడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో పురుషోత్తానికి తెలియలేదు. వారం రోజులు అతను గుట్ట వైపున్న అరుగు మీదే కూర్చున్నాడు. జీవితంలో ఒక్కసారైనా ఉన్నదున్నట్టు మాట్లాడితే ఇంత తేలిగ్గా ఉంటుందని ముందే తెలిస్తే బాగుండేదని మంజుశ్రీతో అన్నాడు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. నిగమం కాదు గానీ దానికేమీ తీసిపోదు: ప్రజాభిప్రాయ ప్రోత్సాహక సమితి సభ్యుడు. తెల్ల కారు, డ్రైవరు. ప్రభుత్వం నిజాయితీ గల గొంతులను గుర్తిస్తుందని ఆర్డరులో రాసి ఉంది. పురుషోత్తం దాన్ని ఫ్రేము కట్టించాడు. మొదటి పని పదో రోజునే పడింది. చింతామణికి అవతల బండకిందపల్లి అనే ఊళ్ళో అభిప్రాయ సభ. అదే కంపెనీ, వేరే గుట్ట.

కారులో నేత్ర అతనికి ఒక కాగితం ఇచ్చింది. అతని మాటలే, శుభ్రంగా టైపు చేయించి ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చలేదని ఆమె చెప్పింది. నా ఇల్లు ఆ ఊళ్ళో లేదు కదమ్మా అని పురుషోత్తం అడిగాడు. ఈ గుట్ట కింద అని చెబితే చాలు సార్, వినేవాళ్ళకు విషయం ముఖ్యం, అంది నేత్ర. అదీ నిజమేనని అతనికి తోచింది. ఆ ఊరివాళ్ళ తరపున మాట్లాడటం మంచిపనే కదా. కిటికీ అద్దం దించి గాలి పీల్చుకున్నాడు.

బండకిందపల్లిలో షామియానా బయట దాకా జనం వరస కట్టి ఉన్నారు. చేతుల్లో ఎవరి కాగితాలు వాళ్ళవి, కొన్ని పిల్లల నోటుబుక్కులోంచి చింపినవి. అధికారిగారు పురుషోత్తాన్ని ముందు పిలిచారు. అతను మైకు పట్టుకుని, ఈ గుట్ట కింద మొదటి ఇల్లు నాదే సార్ అని మొదలుపెట్టాడు. రోడ్డు దుమ్ము చెప్పాడు, కడిగిన ఆకు చెప్పాడు, గుంత చెప్పాడు. గొంతు పట్టుకోవలసిన చోట పట్టుకుంది. జనంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేత్ర లేచి, దుమ్ము లేవకుండా రోజుకు మూడు పూటలా నీళ్ళు చల్లబడునని చదివింది. పురుషోత్తం నమస్కారం పెట్టి దిగబోయాడు.

వరసలో ముందు నిలబడిన పుట్టమ్మ అనే ముసలామె, నోటుబుక్కు కాగితం గుప్పిట్లో పట్టుకుని, అతన్ని తేరిపార చూసింది. అతని కష్టానికి ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

“నీ ఇల్లు యాడుండాదప్పా? ఈడ నిన్ను ఎప్పుడూ సూడలేదే.”

జనం అతని వైపు తిరిగారు. వీడియో కూడా తిరిగింది. పురుషోత్తం చేతిలో కాగితం చూసుకున్నాడు, నేత్రను చూశాడు, గుట్టను చూశాడు. గుట్ట అడుగున, మల్బరీ తోట పక్కన, పెంకుటిల్లు ఒకటి కనిపించింది. దాని వైపు చెయ్యి చూపించాడు.

“అది నాదే కదప్పా” అంది పుట్టమ్మ.

అధికారిగారు రాసేవాళ్ళ వైపు వంగారు.

“రాసుకోండి. ఆ ఇంటి తరపున ఆక్షేపణ వచ్చేసింది. అమ్మా, మీరింక కూర్చోండి.”